ఈసీఐఎల్ బెలూను, కుల్కచర్ల ఆకాశం

మిల్లీమీటరును నలభై పాళ్లు చేస్తే అందులో ఒక పాలు. హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గరున్న టాటా పరిశోధన సంస్థ బెలూను కేంద్రంలో బల్లల మీద పరిచి అతికే పాలిథీన్ ఫిల్ము మందం ఇంచుమించు అంతే. దాన్ని నడుమ వెడల్పుగా, రెండు కొసల దగ్గర సన్నంగా ఉండే నిడుపాటి పట్టీలుగా కోస్తారు. పట్టీ అంచును పక్క పట్టీ అంచుతో కలిపి వేడితో అతుకుతారు. అతుకు వెంబడే బరువు మోయడానికి గట్టి టేపు వేస్తారు. ఇలాంటి పట్టీలు పదుల కొద్దీ కలిస్తే ఒక బెలూను. మొత్తం అతుకుల పొడవు కిలోమీటర్లలో తేలుతుంది. ఇంత చేశాక ఒకసారి నిండుగా నింపి చూద్దామంటే కుదరదు. ఆ బెలూను పూర్తిగా విచ్చుకునేది నేల మీద కాదు, ముప్పై కిలోమీటర్లు దాటిన ఎత్తులో. మొదటి పరీక్షే అసలు పరీక్ష. బల్ల ముందు నిలబడి అతుకు వేసిన చేతికి రెండో అవకాశం లేదు.

ఎగిరిన బెలూను గాలివాటున సాగే దారి ఎక్కువగా తూర్పు పడమరల్లోనే ఉంటుంది. ప్రయోగాల కాలం వచ్చినప్పుడు టాటా సంస్థ జిల్లా అధికారులకూ పత్రికలకూ ఇచ్చే ప్రకటనలో విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపూరు కలిపే గీతను చెబుతారు. ఆ గీత వెంబడి హైదరాబాదు నుంచి 200, 350 కిలోమీటర్ల దాకా ఎక్కడైనా పరికరాలు దిగవచ్చంటారు. పటం పెట్టుకుని ఆ గీత పడమటి సగం చూస్తే దానికి కాస్త దక్షిణంగా ముందు వికారాబాదు కనిపిస్తుంది, తర్వాత తాండూరు. ఇంకా దక్షిణంగా, పరిగి దాటాక, కుల్కచర్ల. పత్తి, కంది, మొక్కజొన్న పండే నేల, పాంబండ రామలింగేశ్వరుడి గుడి ఉన్న మండలం. ఈ చేల మీది ఆకాశాన్ని భౌతికశాస్త్రం ఆరు దశాబ్దాలకు పైగా ప్రయోగశాలగా వాడుకుంటోంది. ఈ సంగతి ఇక్కడి బడిపిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ఆ బెలూన్లు మొదట మోసింది కాస్మిక్ కిరణాలను పట్టే పరికరాలను. ఆ కిరణాలను దారిలో అడ్డగించి, తగ్గించి, వంచి, ఆలస్యం చేసేది సూర్యుడు. ఈ రెండింటినీ లెక్కగట్టే పనిలో మనవాళ్లు చూపిన నేర్పు గురించి చెప్పాలని ఈ వ్యాసం. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. కొలతకు అడ్డం వచ్చినదాన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా, దాన్నే కొలతకు పనిముట్టుగా మార్చుకోవడం. కింద వచ్చే ప్రతి పనిలోనూ అదే కనిపిస్తుంది.

ముందు కిరణాల మాట. పేరుకే కిరణాలు గానీ ఇవి రేణువులు. తొంభై శాతం దాకా ప్రోటాన్లు, మిగిలినవాటిలో ఎక్కువ హీలియం కేంద్రకాలు, కొద్దిగా ఇనుము దాకా బరువైన మూలకాల కేంద్రకాలు, ఇంకా కొన్ని ఎలక్ట్రాన్లు. పేలిపోయిన నక్షత్రాల శకలాల్లో వేగం పుంజుకుని, పాలపుంతలో లక్షల ఏళ్లు తిరిగి తిరిగి ఇక్కడికి చేరతాయి. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ మనుషులెక్కే బెలూనులో 5 కిలోమీటర్లకు పైగా ఎక్కి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరగడం చూసి, ఇది నేలలోంచి వచ్చేది కాదు, ఆకాశంలోంచి దిగేదని తేల్చాడు. ఆ రేణువు గాలిలోని అణువును ఢీకొంటే దాని ముక్కలు ఇంకొన్నిటిని ఢీకొంటాయి. చివరికి నేల దాకా వచ్చేవాటిలో ఎక్కువ మ్యూయాన్లు. కుల్కచర్ల బస్టాండులో అరచెయ్యి ఆకాశానికి చాపి నిలబడితే సెకనుకు ఒకటో రెండో మ్యూయాన్లు ఆ చేతిలోంచి దూసుకుపోతూ ఉంటాయి. మనకేమీ తెలియదు.

అసలు రేణువును ముక్కలు కాకముందే పట్టుకోవాలంటే గాలిని దాటి పైకి పోవాలి. ముప్పై అయిదు కిలోమీటర్ల ఎత్తుకు చేరితే పైన మిగిలే గాలి మొత్తం వాతావరణంలో నూటికి అర పాలు మాత్రమే. అంత ఎత్తున గంటల తరబడి నిలిచి ఉండగల వాహనం బెలూనొక్కటే. విమానం అంత ఎత్తు ఎక్కదు, రాకెట్టు నిమిషాల్లో పడిపోతుంది.

బెలూను కిందివైపు మూతి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నేల మీద దాని తలభాగంలో కొంచెం హైడ్రోజన్ మాత్రం పోస్తారు. మిగతా ఒళ్లంతా ముడతలుగా వేలాడుతూ ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి లోపలి వాయువు నూరు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. పూర్తిగా విచ్చుకున్నాక మిగులు వాయువు కింది మార్గాల్లోంచి బయటికి పోతుంది. లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానంగా ఉంటాయి కాబట్టే అంత పలచటి పొర పగలకుండా నిలుస్తుంది. అడ్డం 50 నుంచి 85 మీటర్లు. కింద వేలాడే పెట్టె బరువు వందల కిలోలు. నేల మీద గాలి పడిపోయిన రాత్రి వేళ, తెల్లవారేలోగా వదులుతారు. నిమిషానికి సుమారు మూడు వందల మీటర్ల చొప్పున ఎక్కుతుంది.

బయలుదేరిన గంటకు వస్తుంది అసలు గండం. భూమి మీది చల్లని గాలి పొరల్లో ఒకటి ఉష్ణమండలం నెత్తినే ఉంటుంది. తాండూరులో వేసవి ఎండలు మండించినా, అక్కడికి పదహారు పదిహేడు కిలోమీటర్ల పైన చలి మైనస్ 80 డిగ్రీలకు దిగుతుంది. యూరప్, అమెరికాల నెత్తిన ఆ పొర ఇంత చల్లగా ఉండదు, మైనస్ 55, 60 దగ్గర ఆగుతుంది. ఆ దేశాల ఆకాశం కోసం తయారైన ఫిల్ము మన దగ్గర ఆ పొరలోకి రాగానే పెళుసెక్కుతుంది. పెళుసెక్కిన చోట జెట్ గాలులు ఈడిస్తే చిరిగిపోతుంది. అందుకని హైదరాబాదు బృందం ఇక్కడి చలికి తట్టుకునే ఫిల్మును ఇక్కడే తీయించుకుంది. దాని పేరు యాంట్రిక్స్. ఇస్రో వాణిజ్య సంస్థ పేరూ అదే గానీ ఇది వేరు. గుత్తేదారు ఇచ్చిన సరుకుతో సర్దుకుపోయే అలవాటున్న దేశంలో, ముడి గుళికల దగ్గర నుంచి పట్టించుకుని ఫిల్ము రాబట్టుకోవడం చిన్న విషయం కాదు.

ఆ పట్టుదల ఎక్కడిదాకా పోయిందో 2014 జనవరిలో తెలిసింది. 3.8 మైక్రాన్ల మందం యాంట్రిక్స్ ఫిల్ముతో సుమారు 61 వేల ఘనపు మీటర్ల బెలూను చేసి వదిలారు. తలవెంట్రుకలో పదిహేనో వంతో ఇరవయ్యో వంతో ఉంటుంది ఆ పొర. అది 51.83 కిలోమీటర్లకు చేరింది. స్ట్రాటోస్ఫియర్ దాటి మీసోస్ఫియర్ గుమ్మంలోకి అన్నమాట. జపాను వాళ్లు అంతకుముందే 53 కిలోమీటర్లు చూశారు కాబట్టి ప్రపంచ రికార్డు కాదు. కానీ మైనస్ 80 డిగ్రీల పొరను దాటి చేరిన ఎత్తది. నా లెక్కలో దాని విలువ ఎక్కువ.

ఇంతకూ హైదరాబాదే ఎందుకు? చలి అంత కష్టపెడితే ఇంకెక్కడికైనా పోవచ్చు కదా. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం వస్తుంది. ధ్రువాల దగ్గర కాస్మిక్ కిరణాలకు దారి తెరిచి ఉంటుంది, తక్కువ శక్తివీ దిగుతాయి. భూఅయస్కాంత మధ్యరేఖ దగ్గర క్షేత్రరేఖలు నేలకు సమాంతరంగా అడ్డం పడి ఉంటాయి. వచ్చే రేణువు వాటిని కోసుకుని రావాలి. ఆ కాపలా అన్నిటికన్నా గట్టిగా ఉండే ప్రాంతాల్లో దక్షిణ భారతం ఒకటి. హైదరాబాదు మీదికి నిట్టనిలువుగా దిగాలంటే ప్రోటానుకు దాదాపు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అంతకు తక్కువవాటిని అయస్కాంత క్షేత్రం వంచి వెనక్కి పంపేస్తుంది.

మామూలుగా ఆలోచిస్తే ఇది అనర్థం. కొలవవలసిన సరుకులో ఎక్కువ భాగం గుమ్మం బయటే ఆగిపోతోంది. కానీ గుమ్మం దాటి వచ్చిన ప్రతిదాని శక్తీ ఫలానా అంకెకు పైనే అని పరికరం పెట్టకముందే తెలిసిపోతుంది. పెద్ద అయస్కాంతాలను మోసుకుపోయే పని తప్పింది, భూగోళమే ఆ పని చేసి పెట్టింది. 1965లో ఆర్.ఆర్. డేనియల్, ఎస్.ఎ. స్టీఫెన్స్ కాస్మిక్ కిరణాల్లో 1,500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన ఎలక్ట్రాన్లు ఎన్నో తేల్చి ప్రచురించారు. హైదరాబాదు నుంచి పంపిన, రేణువుల జాడలు పడే ఫోటో ఎమల్షన్ దొంతరే వారికి ఆధారం. ఆ శక్తి అంకె వాళ్లు తోచి ఎంచుకున్నది కాదు, ఈ నేల అయస్కాంత క్షేత్రం ఇచ్చింది.

ఈ దారికి మూలపురుషుడు హోమీ భాభా. 1939, 40ల్లో రాబర్ట్ మిలికన్, విక్టర్ నెహర్ అమెరికా నుంచి వచ్చి ఆగ్రా, పెషావర్, బెంగళూరుల నుంచి బెలూన్లు వదిలారు. భాభా అప్పుడు బెంగళూరులో ఉన్నాడు. కొన్నేళ్లకు తనే రబ్బరు బెలూన్లతో మొదలుపెట్టాడు. టాటా సంస్థ పెట్టాక, 1950ల్లో బెర్నార్డ్ పీటర్స్ రాకతో ప్లాస్టిక్ బెలూన్ల పని ఊపందుకుంది. హైదరాబాదులో మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోంచి ఎగరేసేవారు. 1969లో ఈసీఐఎల్ దగ్గర సొంత కేంద్రం ఏర్పడింది. ఇప్పటికి అయిదు వందలకు పైగా ఎగిరాయి.

ఇక సూర్యుడు. సూర్యుడి నుంచి అన్ని వైపులకూ ఎడతెగకుండా విద్యుదావేశ రేణువుల గాలి వీస్తూ ఉంటుంది. సెకనుకు 400 కిలోమీటర్లు దాని మామూలు వేగం, ఒక్కోసారి రెట్టింపు. యూజీన్ పార్కర్ 1958లో కాగితం మీద చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 1962లో మారినర్ 2 నౌక శుక్రగ్రహం వైపు పోతూ దారి పొడవునా ఆ గాలిని కొలిచింది. మారినర్ 2 కొలతల మీద పనిచేసినవారిలో ఉడిపి రామచంద్రరావు ఒకరు, తర్వాత ఇస్రో అధ్యక్షుడైన యు.ఆర్. రావు. ఆయన గురువు విక్రమ్ సారాభాయ్ 1947లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తీసుకున్నది ఉష్ణమండలంలో కాస్మిక్ కిరణాల మీదే. మన అంతరిక్ష కార్యక్రమం పునాదిలో రాకెట్ల కన్నా ముందు కాస్మిక్ కిరణాలున్నాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ గాలి తనతోపాటు సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని లాక్కుపోతుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతుంటాడు కాబట్టి ఆ క్షేత్రరేఖలు చుట్లు చుట్లుగా పడతాయి. ఆ గాలి ప్రభావం చెల్లే ప్రాంతమంతా హీలియోస్ఫియర్. నెప్ట్యూను దాటి చాలా దూరం పోతుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి దాదాపు 120 రెట్ల దగ్గర దాని పొలిమేర. 2012 ఆగస్టు 25న వాయేజర్ 1 వ్యోమనౌక ఆ పొలిమేర దాటింది. దాటగానే సూర్యుడి వైపు రేణువులు హఠాత్తుగా పడిపోయి, పాలపుంత కాస్మిక్ కిరణాలు పెరిగాయి. వాయేజర్ 2 ఇంకో దిక్కున 2018 నవంబరు 5న దాటింది. సూర్యుడు మన దాకా రానీయకుండా ఆపుతున్నది ఎంతో, బయట నిలబడి చెప్పిన సాక్షులు ఇప్పటికి ఈ రెండే.

లోపలికి రావాలనుకునే రేణువు పడే పాట్లు నాలుగు రకాలు. గాలి దాన్ని బయటికి నెడుతుంది. గాలిలోని అయస్కాంత చిక్కులు దాన్ని ఎటుపడితే అటు చెదరగొడతాయి. వ్యాకోచిస్తున్న గాలిలో ఉన్నందుకు దాని శక్తి తరిగిపోతుంది. నాలుగోది కాస్త వివరంగా చెప్పాలి. సూర్యుడి ఉత్తర, దక్షిణార్ధాల అయస్కాంత దిశలు ఎదురెదురుగా ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట ఒక పలచటి విద్యుత్ప్రవాహ పొర ఏర్పడుతుంది. సూర్యుడి అయస్కాంత అక్షం వాలి ఉండటం వల్ల ఆ పొర చదునుగా ఉండదు, గిరగిరా తిరిగే అమ్మాయి పరికిణీ కుచ్చెళ్లలా పైకీ కిందికీ అలలు పోతుంది. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు అలల ఎత్తు పెరుగుతుంది. రేణువులు ఆ పొర వెంబడి కొట్టుకుపోతూ ఉంటాయి. ఎటు వైపు అన్నది సూర్యుడి అయస్కాంత ధ్రువాలు ఆ సమయంలో ఎలా ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. ఒక చక్రంలో ప్రోటాన్లు ధ్రువాల మీదుగా దిగి వస్తాయి, తర్వాతి చక్రంలో ఆ పొర వెంబడి వస్తాయి.

ఫలితం రెండు లయలు. ఒకటి పదకొండేళ్లది. సూర్యమచ్చలు పెరిగితే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి, మచ్చలు తగ్గితే పెరుగుతాయి. 2009లో సూర్యుడు బాగా మగతగా ఉన్నప్పుడు, అంతరిక్షయుగం మొదలయ్యాక ఎప్పుడూ లేనంతగా కిరణాలు వచ్చాయి. రెండోది ఇరవై రెండేళ్లది. పదకొండేళ్లకోసారి సూర్యుడి ధ్రువాలు తిరగబడతాయి కాబట్టి, ఒక కనిష్ఠంలో కాస్మిక్ కిరణాల గ్రాఫు బల్లపరుపుగా, తర్వాతిదాంట్లో మొనదేలి కనిపిస్తుంది. ఇప్పుడు నడుస్తున్న 25వ సౌరచక్రం గరిష్ఠ దశకు వచ్చిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. 2030 ప్రాంతాల్లో రావలసిన కనిష్ఠం మొనదేలిన రకం.

ఈ లయను మొదట పట్టుకున్నవాడు స్కాట్ ఫోర్బుష్. అతని పనితనం మీద నాకు ప్రత్యేక గౌరవం. పెరూలోని హువాంకాయో నుంచి న్యూజిలాండ్ దాకా ఉన్న ఒకే రకం అయనీకరణ గదులు, అంటే కిరణాలను కొలిచే పరికరాలు, గీసిన కాగితాలను ఏళ్ల తరబడి ఓపికగా చదివాడు. 1937లో అయస్కాంత తుఫాను వచ్చిన రోజుల్లో కిరణాలు కొన్ని గంటల్లో పడిపోయి, రోజుల మీద మెల్లగా కోలుకోవడం గమనించాడు. సూర్యుడి నుంచి విడివడిన ప్లాస్మా మేఘం భూమిని దాటిపోతూ దాని వెనుక నీడలో కిరణాలను అడ్డుకోవడం అది. దానికి ఇవాళ అతని పేరే. పదకొండేళ్ల లయను 1954లో నిరూపించాడు. అతని గొప్పతనమంతా పరికరం చేసే తప్పేదో, ఆకాశం చెప్పే మాటేదో విడదీయడంలో ఉంది.

ఆ విడదీసే కళను మన పక్కనే ఊటీలో చూడవచ్చు. టాటా సంస్థే నడిపే గ్రేప్స్-3 ప్రయోగశాల అక్కడ 2,200 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాదులో లాగే అక్కడా అయస్కాంత కాపలా గట్టిది. అంటే సూర్యుడు అతిగా అల్లరి చేసే తక్కువ శక్తి రేణువులు అక్కడికి రానే రావు. ధ్రువాల దగ్గరి న్యూట్రాన్ మానిటర్లలో సౌరచక్రం వల్ల ఇరవై శాతం దాకా తేడా కనిపిస్తే, ఇక్కడ కొద్ది శాతమే. అంత చిన్న తేడాను పట్టాలంటే లెక్క చాలా పెద్దది కావాలి. ఆరు మీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల చదరపు ఇనుప గొట్టాలు 3,712. ప్రతి గొట్టం నడిమధ్య బిగించి కట్టిన నూరు మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ. లోపల ఆర్గాన్, మీథేన్ వాయువులు. నాలుగు వరసలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా, వాటి నడుమ కాంక్రీటు, నెత్తిన రెండు మీటర్ల కాంక్రీటు. ఏ గొట్టాలు మోగాయో చూసి మ్యూయాన్ ఏ దిక్కు నుంచి వచ్చిందో చెబుతారు. రోజుకు నాలుగు వందల కోట్ల మ్యూయాన్లు.

లెక్క అంత పెద్దదైతే సూర్యుడి కన్నా ముందు గాలి అడ్డొస్తుంది. వాతావరణ పీడనం ఒక్క హెక్టోపాస్కల్ పెరిగితే మ్యూయాన్లు నూటికి 0.13 చొప్పున తగ్గుతాయి. సూర్యుడి సంకేతమూ అంతే పరిమాణంలో ఉంటుంది. రెండూ కలిసిపోతే ఏది ఏదో తెలియదు. ఊటీ వాళ్లు ఏం చేశారంటే, ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల లయలో, గడియారం పెట్టినట్టు పెరిగి తగ్గుతుందని గుర్తు తెచ్చుకున్నారు. పొద్దున పదింటికీ రాత్రి పదింటికీ పైకి పోతుంది. సూర్యుడి సంకేతంలో ముఖ్యమైన లయ ఇరవై నాలుగు గంటలది. కాబట్టి మొత్తం సమాచారాన్ని లయలుగా విడగొట్టి, పన్నెండు గంటల లయను మాత్రం తీసుకుని, దాంట్లో పీడనమెంత కదిలితే మ్యూయాన్లెంత కదిలాయో కొలిచారు. ఆ గుణకంతో మిగతా లెక్కంతా సరిచేశారు. అడ్డం వచ్చిన గాలి ఊగే తీరే దాన్ని లెక్కలోంచి తీసేసే సాధనమైంది. 2016లో ప్రచురించిన ఈ పద్ధతిని చదువుతుంటే చేయి తిరిగిన కమ్మరి పని చూసినంత తృప్తి కలిగింది నాకు.

అంత శుభ్రం చేసి పెట్టుకున్నందుకే 2015 జూన్ 22న వాళ్లకు ఒక వింత దొరికింది. సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా మేఘం భూమిని గట్టిగా తాకిన ఆ రోజు, మ్యూయాన్లు తగ్గడానికి బదులు రెండు గంటల పాటు పెరిగాయి. భూమి అయస్కాంత కాపలా కొద్దిసేపు బలహీనపడి, మామూలుగా లోపలికి రాని సుమారు 2,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల రేణువులు దిగాయన్నది వారి వివరణ. సౌర తుఫానులంటే మనకు 2024 మే 10, 11 తేదీల్లో లద్దాఖ్‌లోని హాన్లే మీద కనిపించిన ఎర్రటి కాంతి గుర్తొస్తుంది. ఊటీ గొట్టాల్లో తుఫాను మెరవదు, అంకెగా దిగుతుంది. ఆ అంకెను నమ్మదగ్గదిగా చేసిన శ్రమకు ఫోటోలుండవు.

అంతరిక్షానికి వెళ్లిన అనూరాధ అనే పరికరం కథ ఇంకా అందమైనది. హీలియోస్ఫియర్‌లో ఇంకో జాతి కిరణాలున్నాయి. తక్కువ శక్తివి, ఆక్సిజన్, నైట్రోజన్, నియాన్ లాంటివి వింతగా ఎక్కువగా ఉన్నవి. 1970ల మొదట్లో కనబడ్డాయి. ఇవి నక్షత్రాంతర వాయువులోని తటస్థ పరమాణువులని 1974లో ఫిస్క్, కోజ్లోవ్‌స్కీ, రామటీ ఊహించారు. విద్యుదావేశం లేదు కాబట్టి సూర్యుడి గాలి వాటిని అడ్డుకోలేదు. సూర్యుడి దగ్గరికొచ్చాక ఒక ఎలక్ట్రాను పోగొట్టుకుంటాయి. అప్పుడు గాలి వాటిని పట్టి పొలిమేర దాకా మోసుకుపోతుంది, అక్కడ వేగం పుంజుకుని తిరిగి లోపలికొస్తాయి. ఇది నిజమైతే ఒక్కొక్కదానికి ఒక్క ఎలక్ట్రానే తక్కువ ఉండాలి. పాలపుంతలో తిరిగిన కాస్మిక్ కిరణాలకైతే ఎలక్ట్రాన్లు ఒక్కటీ మిగలవు. తేల్చడమెలా?

టాటా సంస్థకు చెందిన సుకుమార్ బిశ్వాస్ నాయకత్వంలో, అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాలతో కలిసి, ఎన్. దుర్గాప్రసాద్ తదితరులున్న బృందం అందుకోసమే అనూరాధను చేసింది. లోపల సీఆర్-39 ప్లాస్టిక్ రేకుల దొంతర. కళ్లజోడు అద్దాలకు వాడే ప్లాస్టికే అది. రేణువు దూసుకుపోయిన చోట ప్లాస్టిక్ దెబ్బతింటుంది, తర్వాత కాస్టిక్ సోడాలో నానబెడితే ఆ చోట సన్నటి గుంట తేలుతుంది. గుంట తీరును బట్టి ఏ మూలకమో, ఎంత శక్తో చెబుతారు. అయితే ప్లాస్టిక్‌కు గడియారం తెలియదు, రేణువు ఎప్పుడు వచ్చిందో చెప్పలేదు. దానికి వాళ్లు చేసిన ఉపాయం చూడండి. పైన పలచటి దొంతరను కదలకుండా ఉంచి, కింది పెద్ద దొంతరను కంటికి తెలియనంత మెల్లగా తిప్పారు. పై రేకులో గుంట ఎక్కడుంది, కింది రేకులో దాని కొనసాగింపు ఎంత జరిగి ఉంది అన్నది కొలిస్తే రేణువు వచ్చిన క్షణం తెలుస్తుంది. క్షణం తెలిస్తే ఆ సమయానికి వ్యోమనౌక భూమి మీద ఏ చోటి పైన ఉందో తెలుస్తుంది. ఆ చోటి అయస్కాంత కాపలా ఎంత గట్టిదో లెక్కలున్నాయి. ఎలక్ట్రాన్లన్నీ పోయిన ఆక్సిజన్ ఇంత తక్కువ శక్తితో ఆ కాపలా దాటలేదు, ఒక్కటే పోయినదైతే దాటుతుంది.

అనూరాధ 1985 ఏప్రిల్ 29న ఛాలెంజర్ షటిల్‌లో స్పేస్‌ల్యాబ్-3తో పాటు వెళ్లి మే 6న దిగింది. గుంటలన్నీ సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాక తేలిందేమంటే, ఒక్క ఎలక్ట్రాను పోయినవే. హైదరాబాదు ఆకాశంలో గుమ్మంలా వాడుకున్న అయస్కాంత క్షేత్రాన్ని ఇక్కడ తక్కెడగా వాడారు. నా మటుకు నాకు, భారతీయులు అంతరిక్షానికి పంపిన పరికరాల్లో పనితనం రీత్యా మొదటి వరసలో నిలబడేది ఇదే. దీని గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

ఎమల్షన్ గానీ ప్లాస్టిక్ గానీ, ఈ పద్ధతులన్నిటిలో ఒక పేచీ ఉంది. సమాచారం రేడియోలో కిందికి రాదు. పెట్టే ఫలితం. పెట్టె పోతే అంతా పోయినట్టే. బెలూను పని ముగిశాక రేడియో ఆదేశంతో పెట్టెను విడగొడతారు. రంగురంగుల ప్యారాచూటుతో అది ఏ చేలోనో దిగుతుంది. చినిగిన ఫిల్ము వేరే చోట పడుతుంది. వెనకాలే జీపులో బృందం బయలుదేరుతుంది గానీ, చాలాసార్లు ముందు చేరేది ఆ ఊరి రైతులే. అప్పటి ఎమల్షన్ పెట్టెలు చెక్కుచెదరకుండా ప్రయోగశాలకు చేరాయంటే అందులో వాళ్ల పాత్రా ఉంది. శాస్త్ర పత్రాల చివర కృతజ్ఞతల్లో వాళ్ల పేర్లుండవు, ఉండాల్సింది.

ఈ మధ్య ఈసీఐఎల్ బెలూన్లు కాస్మిక్ కిరణాల కన్నా వాతావరణాన్నీ పరారుణ ఖగోళాన్నీ ఎక్కువ మోస్తున్నాయి. 2005 ఏప్రిల్‌లో ఎగిరిన ఒక బెలూను 41 కిలోమీటర్ల దాకా గాలి నమూనాలు తెస్తే, వాటిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయి. ఆ పరిశోధనలో హైదరాబాదు సీసీఎంబీ పాలుపంచుకుంది. 2022 డిసెంబరులో స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ సంస్థ పర్యాటకుల కోసం చేసిన గుండ్రటి క్యాప్సూల్ నమూనాను ఇక్కడి నుంచే పరీక్షించింది. అది వికారాబాదు జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో దిగింది. ఆకాశం నుంచి వింత వస్తువు పడిందని ఊళ్లకు ఊళ్లు చూడటానికి కదిలాయి. వింతేమీ లేదు, ఆ దారిన ఎన్నో ఏళ్లుగా వస్తున్నవే.

కాబట్టి కుల్కచర్ల, పరిగి, తాండూరు చుట్టుపక్కల రైతులకు ఒక మాట. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ బెలూన్ల కాలం. మీ చేలో రంగు ప్యారాచూటుతో పెట్టె దిగితే దగ్గరికి పోయి చూడండి, ముట్టుకోవద్దు. కొన్నిట్లో హై వోల్టేజి ఉంటుంది. విప్పితే ప్రమాదం మీకూ, నష్టం ఆ కొలతకూ. తీగలు కోయకండి, పిల్లలను ఎక్కనీయకండి. దగ్గరి పోలీస్ స్టేషనులోనో, పోస్టాఫీసులోనో, తహసీల్దారు కార్యాలయంలోనో చెప్పండి. టాటా సంస్థ వాళ్లు వచ్చి తీసుకుపోతారు. వచ్చినప్పుడు ఇది ఏం కొలిచిందో అడగండి.